అచబల్‌లో తేలిన ఊక

2022 ఫిబ్రవరిలో దక్షిణ కాశ్మీర్‌లో పారుతున్న ఏరు ఒకటి ఉన్నట్టుండి నేలలోకి దిగిపోయింది. అనంతనాగ్ జిల్లా కోకర్‌నాగ్ ప్రాంతంలో, వాందేవల్గాం దగ్గర, బ్రింగి ఏటి అడుగున గుంత పడింది. నీరంతా సుళ్లు తిరుగుతూ అందులోకి పోయింది. దిగువన దాదాపు 20 కిలోమీటర్ల మేర గులకరాళ్లు బయటపడ్డాయి. అక్కడక్కడ మిగిలిన మడుగుల్లో ట్రౌట్ చేపలు చచ్చి తేలాయి. చూడ్డానికి ఎగబడే జనాన్ని ఆపడానికి గుంత దగ్గర నిషేధాజ్ఞలు పెట్టాల్సి వచ్చింది.

బయటివాళ్లకు అది వింత. అక్కడి పాతవాళ్లకు అంత వింతేం కాదు. బ్రింగి నీళ్లు కొంత ఆ చుట్టుపక్కలే నేలలోకి ఇంకి, కొంత దూరంలో అచబల్ అనే ఊరి ఊటలో మళ్లీ పైకొస్తాయని తరాలుగా చెప్పుకుంటున్నారు. నిజమో కాదో తేల్చడానికి ఎవరో ఏట్లో ఊక పోశారట, అది అచబల్‌లో తేలిందట. 19వ శతాబ్దం చివర కాశ్మీర్‌లో భూమి శిస్తు లెక్క తేల్చిన బ్రిటిష్ అధికారి వాల్టర్ లారెన్స్ కూడా ఈ ఊక కథ రాసిపెట్టాడు. తర్వాతి భూగర్భ శాస్త్రవేత్తలూ ఆ గుంతకీ ఈ ఊటకీ సంబంధం ఉందనే చెబుతూ వచ్చారు.

కారణం సున్నపురాయి. వాననీరు, మంచునీరు దాన్ని కొంచెం కొంచెంగా కరిగించి లోపల సొరంగాలు తొలుస్తాయి. నంద్యాల జిల్లా బెలుం గుహల్లోకి దిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ అట్టడుగున పాతాళగంగ అనే సన్నటి పాయ కళ్లెదుటే రాతిలోకి దూరి కనుమరుగవుతుంది. ఆ నీరు ఊళ్లో బావిలో తేలుతుందని అక్కడా ఒక కథ ఉంది. రాయి ఒకటే అయితే కథలూ ఒకటేనేమో.

కశ్మీరీలో ఊటను నాగ్ అంటారు. కోకర్‌నాగ్, వేరినాగ్, అనంతనాగ్, అన్నీ ఊటల పేర్లే. ఒక్కో ఊటలో ఒక్కో నాగదేవత కాపురముంటుందని నమ్మకం. ఆ చల్లటి నీళ్లు మొగలుల మనసూ దోచాయి. జహంగీర్ భార్య నూర్జహాన్ 1620 ప్రాంతంలో అచబల్ ఊటను ఆధారం చేసుకునే తోట వేయించింది. ఔరంగజేబు కాలంలో వచ్చిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ అక్కడి ఊట తోటల గురించి రాస్తూ, ఒక కొలనులో పిలిస్తే దగ్గరికొచ్చే చేపలున్నాయనీ, పెద్దవాటి మొప్పలకు నూర్జహాన్ వేయించిన బంగారు రింగులున్నాయని చెబుతారనీ అన్నాడు. ఏ చేపలైనా అయ్యుండొచ్చు గానీ ట్రౌట్ మాత్రం కాదు. అప్పటికి హిమాలయాల్లో ట్రౌటే లేదు.

అది వచ్చింది ఓడెక్కి. 1899లో ఇంగ్లండు నుంచి బెడ్‌ఫోర్డ్ డ్యూక్ సుమారు 10,000 గుడ్లు పంపాడు. ఒక్కటీ దక్కలేదు. వారాల తరబడి సముద్రం, తర్వాత రావల్పిండి దాకా రైలు, ఆపైన జీలం లోయ బండి దారి. దక్కి ఉంటేనే ఆశ్చర్యపోవాలి. 1900 డిసెంబరులో స్కాట్లాండు నుంచి వచ్చిన రెండో విడత బతికింది. కాశ్మీర్ మహారాజా ప్రతాప్‌సింగ్ కొలువు అండగా నిలిచింది. చేపపిల్లల్ని సాకే పని శ్రీనగర్‌లో తివాచీల ఫ్యాక్టరీ నడిపే ఫ్రాంక్ మిచెల్ నెత్తినేసుకున్నాడు. హర్వన్‌లో పొదుగుడు కేంద్రం వెలిసింది. కొన్నేళ్లకు కులు లోయకు ట్రౌట్ వెళ్లింది కూడా కాశ్మీర్ నుంచే. చేప వెంట చట్టం వచ్చింది. జమ్మూ కాశ్మీర్ మత్స్య చట్టం విక్రమ సంవత్ 1960లో, అంటే 1903లో పుట్టింది.

బ్రింగి లాంటి ఊట ఏట్లో ట్రౌట్ ఎందుకు నిలదొక్కుకుంది? ఊటనీరు చలికాలంలో గడ్డకట్టదు, ఎండాకాలంలో పెద్దగా వేడెక్కదు. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరుగుతుంది, 25 డిగ్రీల దగ్గర అది 8 చిల్లరకు పడిపోతుంది. ట్రౌట్‌కు ఆ తేడా ప్రాణంతో సమానం. పైగా ఊట ఏట్లో బురద తక్కువ, రాళ్ల కింద పురుగు ఎక్కువ.

ఆ పురుగు మీదే ఫ్లై ఫిషింగ్, అంటే ఉత్తుత్తి ఈగతో చేపను పట్టే ఆట, అంతా నడుస్తుంది. అరచేతంత రాయిని తీసి తిరగేస్తే, అడుగున మూడు తోకల సన్నటి పురుగులు పక్కకు జారుకుంటూ కనిపిస్తాయి. అవి ఏడాది పాటు నీళ్లలో పెరిగి, ఒక పూట, మనకు తొలకరికి ఉసిళ్లు లేచినట్టు, గుంపులుగా పైకొచ్చి రెక్కలు విప్పుతాయి. రెక్కలు ఆరేదాకా నీటి మీదే కొట్టుకుపోతాయి. చేప కింద నుంచి మూతి పెట్టి ఒక్కొక్కటే మింగుతుంది. గాలం వేసేవాడు ఆ ఈగ పోలికలో ఈకముక్క, దారం చుట్టిన కొక్కేన్ని విసరాలి. ఎరకు బరువే ఉండదు. బరువంతా తాడుదే. తాడును గాల్లో వెనక్కీ ముందుకీ ఊపి పరిస్తే, ఈగ చివర్న నెమ్మదిగా వాలుతుంది. కొండవాగు హోరులోనైతే చేపకు ఎంచే వ్యవధి ఉండదు, తటాలున అందుకుంటుంది. ఊట ఏట్లో నీరు అద్దం, నడక నిదానం. ఈగ ప్రవాహం కన్నా రవ్వంత వేగంగా జారినా, వెనకాల నీటి మీద గీత పడినా, చేప దగ్గరదాకా వచ్చి చూసి వెనక్కి తిరుగుతుంది. మన కాలవ గట్టు మీద వానపాము గుచ్చి బెండు మునిగేదాకా చూసే గాలానికీ దీనికీ చుట్టరికం కొక్కెం వరకే.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సాగే ఈ సరదాకు ఏటిని ముక్కలుగా విడగొట్టి, ముక్కకింతని అనుమతులిస్తారు. మొదట దొరలు, మహారాజు అతిథులు, ఇప్పుడు డబ్బున్న పర్యాటకులు. ఈ చరిత్రలో ఎక్కువమంది దాటేసే సంగతి ఒకటుంది. ఆ ఏరుల్లో స్థానిక చేపలు, స్నో ట్రౌట్ అనే షైజోథొరాక్స్ జాతులు, ముందు నుంచే ఉన్నాయి. పేరు కలిసినా అవి ట్రౌట్ చుట్టాలు కావు, మన రోహు, బొచ్చెల కుటుంబం. డిసెంబరులో కశ్మీరీ పండితుల ఇళ్లలో గాడబట్ట అనే పండుగ నాడు గృహదేవతకు అన్నంతో పాటు చేప పెడతారు. ఓడలో వచ్చిన వేటచేప ట్రౌట్ తిండికీ చోటుకీ ఈ స్థానిక చేపలకు పోటీ అయింది. చట్టం కాపు కాసింది ఎక్కువగా ఆ వేటచేపకే.

1984లో ఐరోపా ఆర్థిక సమాజం సాయంతో కోకర్‌నాగ్‌లో పెద్ద ట్రౌట్ క్షేత్రం వచ్చాక వేటచేప కూరచేప కూడా అయింది. సిమెంటు కాలువల్లో ఎక్కువగా రెయిన్‌బో ట్రౌట్‌ను పెంచుతారు. నీళ్లు ఒక వైపు వచ్చి ఇంకో వైపు పోతూ ఉండాలి, ఆగితే చేపలు చస్తాయి. అంటే ఊటకు కొత్త బాకీదారులు. అదే కాలంలో ఇళ్లకూ రోడ్లకూ ఏటి గులకా ఇసుకా తవ్వడం పెరిగింది. ట్రౌట్ గుడ్లు పెట్టేది ఆ గులకలోనే. 2022లో పడ్డ గుంతకు మాత్రం తవ్వకాలే కారణమని నేను అనను. సున్నపురాయి నేలలో గుంతలు తమంతట తామే పడతాయి. కానీ శీతాకాలపు మంచు తగ్గి ఏరు సన్నబడ్డప్పుడు, మింగే గుంత పెద్దదిగానూ మిగిలే నీరు చిన్నదిగానూ కనిపిస్తుంది.

2025 జనవరిలో మంచు సరిగా పడలేదు. ఫిబ్రవరిలో అచబల్ ఊట ఎండింది. నూర్జహాన్ తోటలో నీళ్లు దూకే రాతి మెట్లు పొడిగా బయటపడ్డాయి. తోట పక్కనున్న ట్రౌట్ పిల్లల కేంద్రానికీ దిక్కు ఆ ఊటే. నెలాఖరులో వాన, మంచు పడ్డాయి గానీ, ఆలోపు మొదట గోల పెట్టింది గాలాలవాళ్లు కాదు. వాళ్ల సీజన్‌కు ఇంకా నెల పైనే ఉంది. కుళాయిల్లో ఆ ఊటనీరే తాగే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు.