ఎర్రగా ఉన్నదల్లా పర్పుల్ ఫించ్ కాదు: బాల్కనీ ఫీడర్ దగ్గర అపోహలు, వాస్తవాలు

ఉత్తర అమెరికాలో అపార్ట్‌మెంట్ బాల్కనీకి పక్షులకు గింజలు వేసే ఫీడర్ తగిలించిన వాళ్లలో సగం మంది మొదటి నెలలోనే నాకో ఫొటో పంపుతారు, "పర్పుల్ ఫించ్ వచ్చింది చూడండి" అని. చాలాసార్లు అది హౌస్ ఫించే. ఫించ్‌లంటే గింజలు తినే చిన్న పక్షులు, ఈ రెండు రకాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పక్షుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఏడాదంతా ఇలాగే తప్పు రాసుకున్నా, ఆ నోటుబుక్ ఇప్పటికీ ఎవరికీ చూపించను.

అపోహ: ముదురు ఎరుపైతే పర్పుల్ ఫించ్.

రంగును నమ్ముకుంటే మునిగినట్టే. హౌస్ ఫించ్ మగదాని ఎరుపు తిండిలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల నుంచి వస్తుంది, అందుకే కొత్త ఈకలు వచ్చే రోజుల్లో అది ఏం తిన్నదన్న దాన్ని బట్టి ఒకటి ఎర్రగా, ఇంకోటి నారింజగా, అరుదుగా ఒకటి పసుపుగా కూడా కనిపిస్తుంది. పసుపుది చూసి ఏదో కొత్త జాతి అని టెన్షన్ పడకండి. మీరు చూడాల్సింది పొట్ట పక్కలు. హౌస్ ఫించ్‌కి ఎరుపు తల మీదా రొమ్ము మీదా ఉండి అక్కడితో ఆగిపోతుంది, పక్కల మీద గోధుమరంగు చారలు గీసినట్టు ఉంటాయి. పర్పుల్ ఫించ్‌కి మాత్రం నెత్తిన దానిమ్మ రసం పోస్తే వీపు దాకా, రెక్కల దాకా కారినట్టు ఉంటుంది, పక్కల మీద ఆ గోధుమ చారలు ఉండవు. పేరులో పర్పుల్ ఉన్నా ఒంటి మీద ఊదా రంగేమీ లేదు, ఆ పేరు పెట్టిన వాళ్లనే అడగాలి.

ముక్కు కూడా చూడండి. హౌస్ ఫించ్‌కి పై ముక్కు వంపు తిరిగి ఉంటుంది, పర్పుల్ ఫించ్‌కి దాదాపు తిన్నగా ఉంటుంది.

అపోహ: ఆడపక్షుల్ని ఎవరూ గుర్తుపట్టలేరు.

నిజానికి ఆడవే తేలిక. పర్పుల్ ఫించ్ ఆడదానికి కంటి పైన తెల్లని కనుబొమ్మ, చెంప మీద ముదురు పట్టీ ఉంటాయి, హౌస్ ఫించ్ ఆడదాని ముఖం మీద ఏ గుర్తూ ఉండదు. ఒక చిక్కుంది: పర్పుల్ ఫించ్ మగపిల్లలు కూడా మొదటి ఏడాది దాటేదాకా అచ్చం ఆడవాటిలాగే ఉంటాయి, ఆ గోధుమరంగు ఒంటితోనే పాడతాయి కూడా.

రొమ్ము మీద చారలే లేని బొద్దు గోధుమరంగు పక్షి వస్తే అది ఊరపిచ్చుక ఆడది, ఫించ్ కాదు.

అపోహ: చలికాలంలో పసుపు రంగు గోల్డ్‌ఫించ్‌లు వెళ్లిపోయి వేరే పక్షులు వస్తాయి.

చాలా చోట్ల అవి ఎక్కడికీ పోవు, వేషం మారుస్తాయంతే. అమెరికన్ గోల్డ్‌ఫించ్ ఏడాదికి రెండుసార్లు ఒంటి ఈకలు మార్చుకుంటుంది. వేసవిలో నిమ్మపండులా మెరిసిన మగది చలికాలానికి మాసిన గుడ్డలా తయారవుతుంది, ముక్కు రంగు కూడా మారిపోతుంది. నల్లటి రెక్క మీద లేత పట్టీలు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. ఆ గుంపులోనే ఒళ్లంతా చారలతో, సూదిముక్కుతో, రెక్క విప్పితే పసుపు మెరుపుతో ఒకటి కనిపిస్తే అది పైన్ సిస్కిన్ అనే ఇంకో రకం ఫించ్. అవి ఒక ఏడాది దండుగా దిగుతాయి, ఇంకో ఏడాది ఒక్కటీ రాదు.

అపోహ: గోల్డ్‌ఫించ్‌లకు వేసే నైజర్ గింజలు తిసిల్ అనే ముళ్ల మొక్కవి.

కాదు. అవి మనం వలిసెలు అని పిలిచే పంట గింజలే.

అపోహ: దగ్గరికెళ్లినా ఎగరట్లేదంటే మచ్చికైనట్టే.

దీని దగ్గర మాత్రం ఆగి చదవండి. హౌస్ ఫించ్ ఒళ్లు ఉబ్బించుకుని కదలకుండా కూర్చుందంటే ముందు దాని కళ్లు చూడండి. వాచి, పుసి కట్టి ఉంటే అది చాలావరకు మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాతో వచ్చే కంటి జబ్బు. 1994 నుంచి ఈ పక్షుల్లో కనిపిస్తోంది, ఫీడర్ అంచు తగిలితే చాలు ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. వెంటనే ఫీడర్ దించి, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి కడిగి, బాగా ఆరబెట్టి, కొన్ని వారాలు తగిలించకుండా ఉంచండి. నేల మీద రాలిన పొట్టు కూడా ఊడ్చేయండి, కింది ఫ్లోర్ వాళ్ల గొడవ కూడా తప్పుతుంది.