0.85 ఎందుకు మావయ్యా?

కనుమ నాడు మా ఇంట్లో మగాళ్లంతా పందెం బరుల వైపు పోతే, ముగ్గురం మాత్రం కాలువ గట్టెక్కాం. మా బావగారు ఇరిగేషన్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా చేసి రిటైరైన ఇంజనీరు. మా అన్నయ్య కొడుకు కృష్ణబిలాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకుని బతికినవాణ్ణి. అంటే వాళ్లిద్దరి భాషా నాకు సగం సగం వచ్చు.

దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, నీళ్లు వదిలారు. కాలువ నిండుగా ఉంది. "ఇప్పుడిందులో ఎన్ని నీళ్లు పోతుంటాయి మావయ్యా?" అన్నాడు మావాడు. మాటవరసకి అడిగాడంతే. బావగారు వెంటనే లుంగీ ఎగ్గట్టారు. గట్టు మీద పడున్న కొబ్బరి డొక్కని చీల్చి అరచెయ్యంత ముక్క తీశారు. అడుగులో అడుగేసుకుంటూ వంద అడుగులు కొలిచి, ఆ చివర తాటిచెట్టు దగ్గర నన్ను నిలబెట్టారు. ముక్కని కాలువ మధ్యకి విసిరి "ఊఁ" అన్నారు. వీడు ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాడు. డొక్క నా ముందుకి వచ్చేసరికి 50 సెకన్లు.

"సెకనుకి రెండడుగులు. దాన్ని 0.85తో గుణిస్తే 1.7. సగటు వెడల్పు 30, లోతు 4, వెరసి 120 చదరపు అడుగులు. 120 ఇంటూ 1.7... 204. రెండొందల క్యూసెక్కులు వేసుకో."

క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. పనిముట్టంటూ ఏదీ లేకుండా, ఐదు నిమిషాల్లో లెక్క తేలిపోయింది. నేనైతే అక్కడితో ఆగిపోయి టీకి బయల్దేరేవాణ్ణి.

"0.85 ఎందుకు మావయ్యా?"

"పైన నీరు జోరుగా పోతుంది, అడుగున నిదానంగా పోతుంది. డొక్క తేలేది పైనే కదా. అందుకని తగ్గిస్తాం."

"అది సరే. 0.85 అనే ఎందుకు? 0.8 ఎందుకు కాకూడదు? 0.9 ఎందుకు కాకూడదు?"

బావగారు వాణ్ణి ఎగాదిగా చూశారు. "నేను సర్వీసులో చేరిన రోజు నుంచీ 0.85 రా అల్లుడూ. చేలకి నీళ్లు అందుతూనే ఉన్నాయి."

ఇంజనీరు ఆచరణ మనిషి, థియరిస్టు గాల్లో మేడలు కట్టేవాడు అని జనం అనుకుంటారు. నాకు ఆ మాట ఎప్పుడూ సరిపడలేదు. ఇద్దరికీ ప్రకృతి గురించి తెలియనిది బోలెడుంటుంది. దాంతో కాపురం చేసే పద్ధతే వేరు. ఇంజనీరు తన తెలియనితనాన్ని ఒక అంకెలో మూటగట్టి, దాని మీద 0.85 అని రాసి, పనిలో దిగుతాడు. రెండోవాడికి ఆ మూట విప్పిందాకా నిద్ర పట్టదు. ఇది పోలిక కోసం అన్న మాట కాదు. మావాడు ఆ రాత్రి నిజంగానే నిద్రపోలేదు. పొద్దున లేచి చూస్తే పాత క్యాలెండర్ కాగితాల వెనకంతా లెక్కలే.

వాడు చేసింది చెబుతాను. కాలువ అడుగుని ఆనుకున్న నీరు దాదాపు కదలదు. పైకి వచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది, కానీ ఒక్క తీరుగా పెరగదు. అడుగు నుంచి ఎత్తు రెట్టింపైన ప్రతిసారీ అంతే వేగం కలుస్తుంది. అంగుళం ఎత్తు నుంచి రెండంగుళాలకి వెళ్తే ఎంత పెరుగుతుందో, ఒక అడుగు ఎత్తు నుంచి రెండడుగుల ఎత్తుకి వెళ్లినా అంతే పెరుగుతుంది. ఇంటర్లో మనం తిట్టుకుంటూ నేర్చుకున్న లాగరిథమ్ ఇదే. కాలువలాంటి అల్లకల్లోలపు ప్రవాహాలకి ఈ సూత్రాన్ని 1930 ప్రాంతంలో ప్రాంట్ల్, వాన్ కార్మాన్ ఇచ్చారు. దీన్ని పట్టుకుని లెక్క వేస్తే, మొత్తం నీటి సగటు వేగం ఏ లోతులో ఉంటుందో తేలుతుంది: ఉపరితలం నుంచి 0.63 వంతు లోతులో. కాలువ నాలుగడుగులైనా నలభై అడుగులైనా, అడుగు నున్నగా ఉన్నా గరుకుగా ఉన్నా అంతే. ఎందుకంటే ఆ 0.63 వచ్చింది ఒకటిలోంచి 1/e తీసేస్తే. 2.718 అనే ఆ e బ్యాంకు చక్రవడ్డీలో కనిపిస్తుంది, రేడియం కరిగిపోవడంలో కనిపిస్తుంది, ఇప్పుడు మా ఊరి కాలువలోనూ కనిపించింది. మావాడి మొహం చూడాలి ఆ పొద్దున! పందెంలో గెలిచినవాళ్లకి కూడా అంత వెలుగుండదు.

బావగారు కాఫీ తాగుతూ విన్నారు. "0.63 అంటావా? మేం నీటి వేగం కొలిచే కరెంట్ మీటర్ దింపేటప్పుడు 0.6 లోతులో పెట్టి చూస్తాం. ఒక్క చోట చూస్తే చాలు, అదే సగటు" అన్నారు.

వాడు కాసేపు మాట్లాడలేదు. రాత్రంతా కూర్చుని పట్టుకున్నది ఇరిగేషన్ వాళ్ల చేతిలో ఎప్పటినుంచో ఉంది. ఎందుకో వాళ్లు అడగలేదు, అంతే.

అయితే మూట విప్పినందుకు ఒక లాభం ఉంది, దాన్ని తక్కువ చెయ్యకూడదు. 0.63 ఎక్కడైనా ఒక్కటే గానీ, 0.85 అలా కాదని అదే లెక్క చెబుతోంది. అది అడుగు గరుకుని బట్టి మారుతుంది. నాలుగడుగుల లోతున్న శుభ్రమైన మట్టి కాలువకి 0.85 సరిగ్గా సరిపోతుంది. అడుగున నాచు ఏపుగా పెరిగితే అది 0.75 దగ్గరికి దిగజారవచ్చు. అప్పుడు మన 204 క్యూసెక్కులు నిజానికి 180. కాగితం మీద 24 క్యూసెక్కులు ఎక్కువ రాసుకుంటాం, అవి శివారు చేలకి ఎప్పటికీ చేరవు. థియరీ ఇంజనీరుకి కొత్త అంకె ఇవ్వకపోవచ్చు, ఉన్న అంకె ఎక్కడ మోసం చేస్తుందో మాత్రం చెప్పగలదు.

"మరి గుర్రపుడెక్క ఉన్నప్పుడు ఎంత వేస్తారు మావయ్యా?"

"డెక్క ఉంటే డొక్క కదలదురా! ముందు డెక్క తీయిస్తాం."

ఈ గొడవ మా ఇంట్లో మొదలైంది కాదు. కాలువలో నీటి వేగం లెక్కకి ప్రపంచంలో కాలువలు తవ్వే ప్రతి చోటా వాడే మానింగ్ ఫార్ములా సంగతి చూడండి. రాబర్ట్ మానింగ్ ఐర్లండ్‌లో అకౌంట్స్ పనిలో చేరి, పని చూసి నేర్చుకుని ఇంజనీరైనవాడు. 1889లో, అప్పటిదాకా జనం కొలిచిన కొలతలన్నీ ముందేసుకుని ఒక సూత్రం తేల్చాడు. వాలు నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లు. లోతు ఎనిమిది రెట్లయితే వేగం నాలుగు రెట్లు. మిగతాదంతా, అంటే కాలువ గరుకంతా, n అనే ఒక్క అక్షరంలోకి తోసేశారు. సిమెంటు లైనింగైతే 0.013, శుభ్రమైన మట్టి కాలువైతే 0.025, కలుపు పెరిగితే 0.035, ఆపైన. ఫిజిక్స్ చదివినవాడికి ఇది చూస్తే ఒళ్లు మండుతుంది. ఈక్వల్స్ గుర్తుకి అటూ ఇటూ యూనిట్లు కుదరాలంటే ఆ n కి అర్థం పర్థం లేని యూనిట్ తగిలించాలి. నా క్లాసులో ఎవడైనా అలా రాస్తే సున్నా వేసేవాణ్ణి. మానింగ్‌కి కూడా అది నచ్చక ఇంకో సూత్రం చెప్పాడు. లోకం దాన్ని పట్టించుకోలేదు. నచ్చనిదే పనికొచ్చింది.

ఆ లోతు లెక్కలో ఎనిమిదిని నాలుగు చేసే మూడింట రెండు అనే ఘాతం ఎక్కడిదో వందేళ్లకు పైగా ఎవరూ చెప్పలేకపోయారు. 2002లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో జోయా, బొంబార్డెల్లి అనే ఇద్దరు దాన్ని థియరీ నుంచి రాబట్టారు. నీటిలో పెద్ద సుడులు విరిగి చిన్న సుడులవుతాయి, అవి విరిగి ఇంకా చిన్నవవుతాయి. ఏ సైజు సుడి ఎంత వేగంగా తిరుగుతుందో 1941లోనే రష్యన్ గణితవేత్త కోల్మొగొరొవ్ చెప్పాడు. కాలువ అడుగున గరుకు ఎంత సైజులో ఉందో ఆ సైజు సుడులే నీటి జోరుని అడుగుకి మోసుకెళ్లి ఆపుతాయి అనుకుంటే, మానింగ్ సూత్రం దానంతట అది వచ్చేసింది. ఈ వందేళ్లూ కాలువలు ఆగలేదు మరి.

అసలు మన గోదావరి డెల్టాయే ఇలా పుట్టింది. నీటి ప్రవాహానికి పూర్తి సమీకరణాలు నావియే 1822లో, స్టోక్స్ 1845లో రాశారు. వాటికి ఎప్పుడూ సాఫీ అయిన పరిష్కారం ఉంటుందా అన్నది నేటికీ తేలలేదు. తేల్చినవారికి పది లక్షల డాలర్లిస్తామని 2000లో క్లే గణిత సంస్థ ప్రకటించింది, ఆ డబ్బు ఇంకా అలాగే ఉంది. స్టోక్స్ సమీకరణాలు రాసిన రెండేళ్లకి, 1847లో, కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట మొదలుపెట్టాడు. నాలుగు ముక్కలుగా దాదాపు 12 వేల అడుగుల కట్టడం. కింద రాతి పునాది లేదు, ఎంత లోతో తెలియని ఇసుక. ఇసుకలోంచి నీరు ఎంత ఊరుతుందో చెప్పే సూత్రాన్ని ఫ్రాన్స్‌లో డార్సీ ప్రకటించింది 1856లో. అప్పటికి మన ఆనకట్ట పూర్తయి నాలుగేళ్లు.

మరి కాటన్ ఏ ధైర్యంతో కట్టాడు? కావేరి మీద కల్లణై అనే పాత ఆనకట్టని చూసిన ధైర్యంతో. లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టడం ఆ పాతకాలపు వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నాడు. ఇసుకలో బావులు దింపి వాటి మీద గోడ కట్టడం, దిగువన రాళ్లు గుమ్మరించడం, వరదకి అవి కుంగితే మళ్లీ గుమ్మరించడం. సొగసైన పరిష్కారం అనలేం. కొత్త బ్యారేజీ 1982లో పూర్తయ్యేదాకా, దాదాపు 130 ఏళ్లు, రెండు గోదావరి జిల్లాలు అన్నం తిన్నది ఆ కట్టడం చలవ వల్లే.

1986 ఆగస్టు వరద సంగతి వచ్చినప్పుడు బావగారి గొంతు మారుతుంది. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, అంటే సుమారు 17 లక్షల క్యూసెక్కులు. ఆ ఏడు వచ్చింది 35 లక్షలు. సెకనుకి దాదాపు లక్ష టన్నుల నీరు. ఆయన అప్పుడు కుర్ర ఇంజనీరు, రాత్రంతా ఏటిగట్టు మీదే. గట్టుకి ఇవతల, పొలంలో, నేలలోంచి నీరు బుడబుడమని ఉబుకుతోంది. జనం ఇసుక బస్తాలు తెచ్చి దాని నోరు మూసెయ్యబోయారు. ఈయన వద్దని అరిచారట. మూస్తే ఇంకోచోట తన్నుకొస్తుంది. దాని చుట్టూ బస్తాలతో బావి గట్టులా వలయం కట్టించారు. లోపల నీరు పైకి లేచేకొద్దీ కింది ఊటని అదే అణుస్తుంది. ఇక లాంతరు పట్టుకుని ఆ నీటినే చూస్తూ కూర్చున్నారు. తేటగా వస్తే భయం లేదు. మట్టి కలిసి వస్తే అడుగున గట్టు కొట్టుకుపోతోందని అర్థం.

మావాడు ఇదంతా విని చిన్న లెక్క వేశాడు. అడుగు మందం ఇసుకలోంచి నీరు పైకి వస్తున్నప్పుడు, కిందికీ పైకీ నీటి మట్టంలో తేడా కూడా దాదాపు అడుగైతే, ఇసుక రేణువుల బరువు నీటి తోపుడుకి సరిసమానమైపోతుంది. ఇసుక ఇక ఇసుకలా ఉండదు, ఉడికే గంజిలా అవుతుంది. "ఆ రాత్రి ఈ లెక్క తెలిసుంటే మీకు టెన్షన్ తగ్గేదా మావయ్యా?"

"పెరిగేదిరా."

ఈ రెండు బుర్రలూ ఒకే ఇంట్లో ఉన్న సందర్భం ఒకటి నాకు భలే ఇష్టం. ఐన్‌స్టీన్ 1926లో నదులు వంకర్లు ఎందుకు తిరుగుతాయో ఒక చిన్న వ్యాసం రాశాడు. టీ గ్లాసు కలిపితే ఆకు అడుగున మధ్యకి చేరుతుంది, అంచుకి పోదు. అడుగున రాపిడికి నీరు నెమ్మదించి లోపలికి జారడమే కారణం. నది వంపులోనూ అంతే: బయటి ఒడ్డు కోసుకుపోతుంది, లోపలి ఒడ్డున మేట వేస్తుంది. మన లంకల్లో కోత అన్నా, మేట అన్నా చిన్నపిల్లలకీ తెలుసు. ఏడాదికి ఎన్ని గజాలు కోస్తుందో ఆ వ్యాసం చెప్పదు, ఆయనకి దాంతో పనిలేదు. ఆయన పెద్ద కొడుకు హన్స్ ఆల్బర్ట్ హైడ్రాలిక్ ఇంజనీరై, తర్వాత అమెరికాలో బర్క్‌లీలో ప్రొఫెసరయ్యాడు. జీవితమంతా నది అడుగున ఇసుక ఎంత కదులుతుందో లెక్కగట్టాడు. తమాషా ఏంటంటే, ఇసుక రేణువు కాసేపు ఆగి, ఒక గెంతు గెంతి, మళ్లీ ఆగే తీరుని ఆయన పాచికల లెక్కలాగా, సంభావ్యతతో పట్టుకున్నాడు. నీటిలో సన్నటి నలుసులు గెంతడాన్ని 1905లో తండ్రి పట్టుకున్నదీ అలాగే.

దిరాక్ సంగతి ఇంకోటి. క్వాంటమ్ సిద్ధాంతంలో అంత కచ్చితమైన మనిషి, చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, 1921లో బ్రిస్టల్లో. ఉద్యోగం దొరక్క లెక్కల వైపు మళ్లాడు. ఉజ్జాయింపుల్ని భరించడం ఇంజనీరింగే నేర్పిందని తర్వాత చెప్పుకున్నాడు. మావాడికి ఈ మాట చెబితే బావగారి వైపు చూసి నవ్వాడు. ఈయన మాత్రం పూతరేకు విరుచుకుంటూ, "ఉద్యోగం దొరకలేదా పాపం" అన్నారు.

పండగ అయ్యాక వాడు వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా వాట్సాప్‌లో మెసేజ్: "మావయ్యా, మన కాలువ అడుగున నాచు ఎంత ఎత్తుంది? లెక్కకి కావాలి." బావగారు కాలువ చూసుకునే లస్కరుని పిలిచి ఓ గుప్పెడు పీకించారు. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పంపారు, తొమ్మిదంగుళాలు. వాడు అక్కడ ఆ లెక్కలోనే ఉన్నట్టున్నాడు, ఇంకా జవాబు రాలేదు. ఈయన ఆ సాయంత్రమే సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఫోన్ చేసి, తర్వాతి వంతుకి ముందే నాచు తీయించమని చెప్పేశారు.