కొత్త ఆల్బమ్ ఇవ్వని బ్యాండ్, వదిలిపెట్టని అభిమానులు

ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో పుట్టిన 'సిస్టర్స్ ఆఫ్ మెర్సీ' బ్యాండ్ చివరి స్టూడియో ఆల్బమ్ 1990 అక్టోబరులో వచ్చింది. చివరి సింగిల్ (విడిగా అమ్మే పాట) 1993లో. ఆ తర్వాత షాపుకెళ్లి కొనుక్కుందామంటే ఒక్క కొత్త పాట లేదు. అయినా వాళ్లు యూరప్‌లో టూర్ పెట్టారంటే నల్లబట్టల జనం వస్తూనే ఉన్నారు. వాళ్లలో 1980లలో కాలేజీ కుర్రాళ్లుగా వచ్చినవాళ్లున్నారు, ఆ ఆల్బమ్ వచ్చేనాటికి పుట్టనివాళ్లూ ఉన్నారు. రికార్డుగా ఎన్నడూ విడుదల కాని పాటలను కూడా ముందు వరుసల్లోవాళ్లు గాయకుడితో కలిసి పాడేస్తారు. పాత రోజుల మీద బెంగ ఒక్కటే ఉంటే ఇన్నేళ్లు నడిచేది కాదు. ఈ అభిమానం ఎలా కుదురుకుందో తెలియాలంటే లీడ్స్ నుంచే మొదలుపెట్టాలి.

1970ల చివర్లో లీడ్స్ దిగులుగా ఉన్న ఊరు. బట్టల మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. 'యార్క్‌షైర్ రిప్పర్' అని పత్రికలు పేరు పెట్టిన హంతకుడు 1975 నుంచి వరసగా ఆడవాళ్లను చంపుతున్నాడు. 1981 జనవరిలో అతను దొరికేదాకా చీకటి పడ్డాక ఆడవాళ్లు ఒంటరిగా బయటికి రావడానికి భయపడ్డారు. పంక్ రాక్ సంగీతం జోరు అప్పటికే తగ్గింది. ఆ ఊళ్లో ఎఫ్ క్లబ్ అనే చిన్న వేదిక చుట్టూ చేరిన కుర్రాళ్లలో ఇద్దరు, గ్యారీ మార్క్స్, ఆండ్రూ ఎల్‌డ్రిచ్, 1980లో ఈ బ్యాండ్ పెట్టారు. పేరు కెనడా గాయకుడు లెనార్డ్ కోహెన్ పాట నుంచి తీసుకున్నారు. మొదటి సింగిల్‌ను తమ సొంత లేబుల్ 'మెర్సిఫుల్ రిలీజ్' మీదే తెచ్చుకున్నారు. కొద్ది కాపీలే వేసిన ఆ రికార్డు దొరికితే చాలని సేకరించేవాళ్లు ఇప్పటికీ తిరుగుతుంటారు.

ఆ రికార్డు మీద డ్రమ్స్ వాయించింది ఎల్‌డ్రిచే. తర్వాత డ్రమ్స్ వదిలేసి మైకు పట్టుకున్నాడు. డ్రమ్మర్ స్థానంలోకి ఒక చిన్న డ్రమ్ మెషిన్ వచ్చింది. దానికి 'డాక్టర్ అవలాంష్' అని పేరు పెట్టి బ్యాండ్ సభ్యుల జాబితాలో చేర్చారు. మనుషులు ఎందరో వచ్చారు, వెళ్లారు. మెషిన్ మోడళ్లూ మారాయి. కానీ మొదటి నుంచి ఎల్‌డ్రిచ్ పక్కన నిలిచిన పేరు డాక్టర్ ఒక్కడిదే. అభిమానులు అతని గురించి మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు. సడలని ఆ మెషిన్ దెబ్బ, గుండెలో అదిరే బేస్, ప్రతిధ్వనించే గిటార్, అడుగు నుంచి లేచే ఎల్‌డ్రిచ్ గొంతు, వేదికను పూర్తిగా మింగేసే పొగ: గోత్ రాక్ (చీకటి, దిగులు నిండిన రాక్ సంగీతం) అంటే చాలామందికి గుర్తొచ్చే రూపం చాలావరకు ఇక్కడే తయారైంది. ఎల్‌డ్రిచ్ మాత్రం తమది గోత్ బ్యాండ్ అంటే ఎప్పుడూ ఒప్పుకోలేదు. తమది రాక్ బ్యాండ్ అనే అంటాడు.

మొదటి ఆల్బమ్ 1985 మార్చిలో వచ్చింది. అప్పటికే లోపల గొడవలు ముదిరాయి. మార్క్స్ వెంటనే వెళ్లిపోయాడు. జూన్ 18న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో కచేరీ చేశాక బ్యాండ్ చీలిపోయింది. గిటారిస్టు వేన్ హస్సీ, బేసిస్టు క్రెయిగ్ ఆడమ్స్ కలిసి 'ది సిస్టర్‌హుడ్' పేరుతో కచేరీలు మొదలుపెట్టారు. ఆ పేరు తన బ్యాండ్ పేరుకు మరీ దగ్గరగా ఉందని ఎల్‌డ్రిచ్ మండిపడి, అదే పేరుతో వాళ్లకంటే ముందు ఒక సింగిల్ విడుదల చేసేశాడు. వాళ్లు 'ది మిషన్' అని పేరు మార్చుకోక తప్పలేదు. మిషన్‌కు 'ఎస్కిమోలు' అనే పేరుతో ఊరూరా వెంట తిరిగే అభిమాన బృందం తయారైంది. ఎవరి పక్షాన ఎవరున్నారన్న చర్చ పాతవాళ్ల మధ్య ఇంకా చల్లారలేదు. నాకు మాత్రం ఆ చీలికే అభిమానాన్ని గట్టిపరిచిందని అనిపిస్తుంది. పక్షం ఎంచుకోవాల్సి వచ్చినవాళ్లు తమ బ్యాండ్‌ను అంత తేలిగ్గా వదులుకోరు.

ఎల్‌డ్రిచ్ హాంబర్గ్‌లో ఉంటూ పాటలు రాసుకుని, 1987లో రెండో ఆల్బమ్ 'ఫ్లడ్‌ల్యాండ్' తెచ్చాడు. అందులోని 'దిస్ కొరోజన్' పాటను అమెరికన్ నిర్మాత జిమ్ స్టైన్‌మన్ భారీ బృందగానంతో నిర్మించాడు. అది బ్రిటన్‌లో ఏడో స్థానానికి చేరింది. మరో పాట వీడియో జోర్డాన్‌లోని పెట్రా శిథిలాల మధ్య తీశారు. బ్యాండ్ ఇంత పెద్దదైనా కచేరీలు మాత్రం లేవు. 1985 జూన్ తర్వాత 1990 దాకా అభిమానులకు దొరికింది రికార్డులు, వీడియోలు, చేతులు మారుతూ వచ్చిన పాత కచేరీల క్యాసెట్లు. ఎవరో జేబులో రికార్డర్ దాచుకెళ్లి పట్టుకొచ్చిన ఆ అస్పష్టమైన శబ్దాన్ని కాపీ చేసి, పోస్టులో పంపి, బదులు ఇంకొకటి తెప్పించుకునేవారు. ఆ అలవాటు తర్వాత చాలా పనికొచ్చింది.

మూడో ఆల్బమ్ 'విజన్ థింగ్' తర్వాత బ్యాండ్ మళ్లీ రోడ్డెక్కింది. 1991లో అమెరికాలో పబ్లిక్ ఎనిమీతో కలిసి టూర్ తలపెడితే అది సగంలోనే ఆగిపోయింది. నల్లవాళ్ల రాప్ బృందం, తెల్లవాళ్ల రాక్ బ్యాండ్ ఒకే వేదిక మీద ఉంటే గొడవలవుతాయని కొన్ని నగరాలు భయపడ్డాయి. మరుసటి ఏడాది ఇజ్రాయెలీ గాయని ఓఫ్రా హాజాతో మళ్లీ పాడించిన 'టెంపుల్ ఆఫ్ లవ్' బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్లింది. సరిగ్గా ఆ ఊపులో ఉండగానే రికార్డ్ కంపెనీతో బెడిసింది.

వార్నర్ గ్రూపులోని ఈస్ట్ వెస్ట్ సంస్థ తీరు నచ్చక ఎల్‌డ్రిచ్ సమ్మె ప్రకటించాడు. ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన రికార్డులు ఇవ్వనన్నాడు. ఇది ఏళ్ల తరబడి సాగింది. చివరికి 1997లో ఎస్ఎస్‌వీ అనే పేరుతో, డ్రమ్సే లేని టెక్నో (ఎలక్ట్రానిక్ నృత్య) సంగీతం మీద తన గొంతు పెట్టిన రికార్డింగ్ ఒకటి కంపెనీకి అప్పగించి ఒప్పందం నుంచి బయటపడ్డాడు. కంపెనీ దాన్ని అధికారికంగా విడుదల చేయలేదు, అభిమానులు మాత్రం ఎలాగోలా సంపాదించుకుని విన్నారు.

సమ్మె ముగిసింది కాబట్టి ఇక ఆల్బమ్ వస్తుందని అందరూ ఆశించారు. రాలేదు. పాటలు మాత్రం వచ్చాయి, వేదిక మీదికి. 1990ల చివరి నుంచి 'సమ్మర్', 'క్రాష్ అండ్ బర్న్', 'విల్ ఐ డ్రీమ్?' లాంటివి కచేరీల్లోనే పుట్టి కచేరీల్లోనే పెరిగాయి. వాటిని వినాలంటే టికెట్ కొని హాలుకు వెళ్లాలి, లేదంటే వెళ్లినవాళ్లు తెచ్చిన రికార్డింగ్ కావాలి. అప్పుడు పాత క్యాసెట్ల అలవాటు అక్కరకొచ్చింది. ఏ రోజు ఏ ఊళ్లో ఏ పాటలు పాడారు, ఏ పాటలో ఏ మాట మారింది అని రాసి పెట్టుకునేవాళ్లు తయారయ్యారు. వేరే బ్యాండ్లకు ఈ పని రికార్డ్ కంపెనీలు చేస్తాయి. ఇక్కడ శ్రోతలే భుజాన వేసుకున్నారు. ఈ బంధం ఇంతకాలం నిలవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. వచ్చినవాళ్లు ఆ పాటలను వినడంతో ఆగలేదు, వాటిని బతికించే బాధ్యత కూడా తీసుకున్నారు.

అలాగని అందరూ సంతృప్తిగా లేరు. గొంతు పాతలా లేదని, పొగలో మనుషులే కనబడరని విసుక్కునేవాళ్లు ఉన్నారు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. 2016లో డొనాల్డ్ ట్రంప్ అధ్యక్షుడైతే తాను మరో ఆల్బమ్ విడుదల చేయడానికి అది చాలినంత కారణమని ఎల్‌డ్రిచ్ ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. ట్రంప్ గెలిచాడు, ఆల్బమ్ రాలేదు. చాలామందికి అది నిజంగానే మనసు నొప్పించింది.

అయితే 2019 నుంచి బ్యాండ్ మళ్లీ కొత్త పాటలు రాయడం మొదలుపెట్టింది. 2006లో చేరిన గిటారిస్టు బెన్ క్రిస్టో, 2019లో వచ్చిన డిలన్ స్మిత్ హయాంలో 'బెటర్ రెప్టైల్', 'ఐ విల్ కాల్ యూ', 'డోంట్ డ్రైవ్ ఆన్ ఐస్' వంటివి పాటల వరుసలో చోటు సంపాదించాయి. వీటిలో కొన్ని పాత హిట్ల పక్కన నిలబడగల పాటలు. ఫోన్‌లో పట్టిన అదిరే శబ్దంలో కాకుండా, స్టూడియోలో శుభ్రంగా రికార్డయి రావాల్సినవి. ఇంతకాలం వాటిని మోసినవాళ్లకు ఆ ఒక్క రికార్డు ఇవ్వడం ఎల్‌డ్రిచ్ బాకీ అని నేను గట్టిగా అనుకుంటాను.