ధైర్యానికి కొరత లేదు, పద్దుకే కొరత: చిరువ్యాపారులు, సంఘ నాయకుల గురించి అపోహలు – వాస్తవాలు

గోదావరి డెల్టాలో చిన్న పరిశ్రమలు పెట్టుకునేవారికి, మహిళా సంఘాలకు, రైతు సంఘాలకు శిక్షణ ఇవ్వడం, అవసరమైనప్పుడు పక్కన కూర్చుని వారి లెక్కలు చూసిపెట్టడం నా వృత్తి. ఆత్రేయపురం పూతరేకుల ఇళ్లలోనైనా, కడియం నర్సరీల్లోనైనా, అంబాజీపేట కొబ్బరి వ్యాపారుల దగ్గరైనా, భీమవరం చెరువు గట్ల మీదైనా నాకు మొదట వినిపించే మాట ఒక్కటే: "కాస్త ధైర్యం చెప్పండి మాస్టారూ." నిజానికి ధైర్యం లేని మనిషి ఈ ప్రాంతంలో నాకు అరుదుగా తగిలాడు. ఏటా వరదనూ తుపానునూ చూస్తూ కూడా దాళ్వాకు (రబీ వరికి) నారు పోసే రైతుకు ధైర్యం గురించి చెప్పగలిగినవాణ్ని కాను. రోజుచిట్టా రాయనివారు, తమ పని మరొకరికి అప్పగించలేనివారు మాత్రం వారం వారం కనిపిస్తారు. ఇన్నేళ్లలో పదేపదే విన్న కొన్ని అపోహలను, వాటి వెనక నేను చూసిన వాస్తవాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మంచి ప్రసంగం వింటే మనిషి మారిపోతాడు, వ్యాపారం అదే నిలబడుతుంది.

ఈ అపోహను పెంచినవారిలో నేనూ ఒకణ్ని కాబట్టి ముందు నా తప్పు చెప్పుకోవాలి. వృత్తిలో కొత్తగా ఉన్న రోజుల్లో ఒక శిక్షణ తరగతి ముగింపున గంటసేపు ఉద్వేగంగా మాట్లాడాను, చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. నాలుగు నెలల తర్వాత ఆ తరగతిలో ముందు వరుసలో కూర్చున్న కోనసీమ కుర్రాడొకడు కాగితాల కట్టతో వచ్చాడు. నా మాటలు విన్న ఊపులో రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కొబ్బరి పీచు యంత్రానికి బయానా ఇచ్చేశాడు. వానాకాలంలో ఎండిన డొక్కలు ఎక్కడి నుంచి వస్తాయి, పీచును ఎక్కడ ఆరబెట్టాలి, ఆరని రోజుల్లో కూలీలకు ఏమిచ్చి నిలుపుకోవాలి అన్న ప్రశ్నలు అతనికి తట్టలేదు, నేనూ అడగలేదు. "రెండు రూపాయల వడ్డీయే కదండీ" అన్నాడు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం అని కాగితం మీద వేసి చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు.

అప్పటినుంచి శిక్షణ చివరిరోజున నేను ప్రసంగించడం మానేశాను. ఒక్కొక్కరికీ ఒక తెల్లకాగితం ఇచ్చి, రాబోయే 90 రోజుల్లో ఏ తేదీన ఎంత డబ్బు చేతి నుంచి బయటకు పోతుందో, ఏ తేదీన ఎవరి దగ్గర నుంచి ఎంత లోపలికి వస్తుందో రాయమంటాను. సగంమంది మొదటి వరుస దగ్గరే ఆగిపోతారు. ఆ ఆగడమే నాకు కావాలి, ఎందుకంటే అక్కడ దొరికిన తప్పుకు ఒక కాగితం ఖర్చవుతుంది, అదే తప్పు యంత్రం బిగించాక దొరికితే పొలం తాకట్టులోకి పోతుంది.

అపోహ: అమ్మకం పెరిగిందంటే లాభం పెరిగినట్టే.

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. పూతరేకులు చుట్టి అమ్మే ఒక ఇంటికి రెండేళ్ల కిందట వెళ్లాను. పొయ్యి మీద బోర్లించిన కుండపై పల్చటి బియ్యపు పిండిలో ముంచిన బట్టను లాగి రేకు తీసేవారు వేరు, ఆ రేకులు కొని నెయ్యీ బెల్లమూ వేసి చుట్టేవారు వేరు. ఈవిడ చుట్టే పని చేస్తారు. రావులపాలెం దగ్గర జాతీయ రహదారి మీదున్న దుకాణాలకు సరుకు పంపుతారు. "గిరాకీకి లోటు లేదండి మాస్టారూ, డబ్బు మాత్రం చేతిలో నిలవడం లేదండి" అన్నారు. వంటింట్లో పోపులపెట్టె పక్కన ఒక స్టీలు డబ్బా ఉంది. రోజువారీ అమ్మకం డబ్బు అందులో పడుతుంది. నెయ్యి కొనడానికి అందులోంచే తీస్తారు, పిల్లవాడి బడి ఆటోకు అందులోంచే, చిట్టీ వాయిదా అందులోంచే, బంధువుల పెళ్లికి చదివింపులూ అందులోంచే.

నేలమీద కూర్చుని ఒక రోజు లెక్క వేశాం. 60 డబ్బాలు, డబ్బా 150 రూపాయలు, మొత్తం 9,000. రేకులు, నెయ్యి, బెల్లం, జీడిపప్పులకు 5,400. అట్టడబ్బాలకు 480. చుట్టడానికి వచ్చే ఇద్దరికి కూలి 1,000. ఆటోకు, పార్సిల్‌కు 300. మిగిలింది 1,820. ఆవిడ లాభమని అనుకుంటున్నది ఈ అంకెనే. అయితే పొద్దున్నుంచి రాత్రి వరకు ఆవిడా భర్తా చేసే పనికి కూలి ఎక్కడా రాయలేదు. ఇద్దరికీ తలా 500 వేస్తే మిగిలింది 820. తేమకు మెత్తబడి దుకాణాల నుంచి తిరిగి వస్తున్నవి సగటున రోజుకు నాలుగు డబ్బాలు, అంటే 600. మిగిలింది 220. చేబదులుగా తెచ్చిన లక్షన్నరకు రెండు రూపాయల వడ్డీ నెలకు 3,000, రోజుకు 100. చివరికి తేలింది 120 రూపాయలు. ఆ వారంలోనే ఆవిడ మరో ఇద్దరు పనివాళ్లను పెట్టి రోజుకు 100 డబ్బాలు చేయాలనుకుంటున్నారు.

ఆ ఆలోచన అప్పటికి పక్కన పెట్టించి రెండు మార్పులు చేశాం. ఇంటి ఖర్చుకు రెండో డబ్బా పెట్టి, భార్యాభర్తల కూలి మాత్రమే రోజూ అందులో వేయడం మొదటిది. దుకాణాలకు ఒకేసారి ఎక్కువ సరుకు పంపకుండా రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా పంపడం, ముసురు పట్టిన రోజుల్లో పూర్తిగా తగ్గించడం రెండోది. మూడు నెలల్లో రోజువారీ అమ్మకం 60 నుంచి 48 డబ్బాలకు దిగింది, చేబదులు అప్పు మాత్రం తీరడం మొదలైంది. అమ్మకం తగ్గిందని బంధువుల్లో చులకన అయ్యామని ఆవిడ చాలాకాలం బాధపడ్డారు, ఆ బాధకు నా దగ్గర మందు లేదు.

ఇదే సందర్భంలో ఇంకో మాట. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దానితో పేరుకు చట్టపరమైన రక్షణ వచ్చింది, మంచిదే. ధర నిర్ణయించడం, తేమ నుంచి కాపాడటం, బాకీలు వసూలు చేయడం మాత్రం ఆ గుర్తింపు చేసిపెట్టదు.

అపోహ: సబ్సిడీ వస్తుంది కాబట్టి వ్యాపారం పెట్టేయవచ్చు.

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం గురించి అడిగే పదిమందిలో తొమ్మిదిమంది ఆ డబ్బు చేతికి వస్తుందనే అనుకుంటారు. ఈ పథకం కింద ఉత్పత్తి పరిశ్రమకు 50 లక్షల రూపాయల వరకు, సేవారంగ యూనిట్‌కు 20 లక్షల వరకు ప్రాజెక్టు వ్యయాన్ని అనుమతిస్తారు. గ్రామీణ ప్రాంతంలో సాధారణ వర్గానికి 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ తదితర ప్రత్యేక వర్గాలకు 35 శాతం సబ్సిడీ ఉంటుంది. పల్లెలో ఒక మహిళ పది లక్షల యూనిట్ పెడితే తన వాటాగా 50 వేలు పెట్టాలి. సబ్సిడీ మూడున్నర లక్షలు మంజూరైనా, ఆ మొత్తం మూడేళ్లపాటు బ్యాంకులోనే ఆమె పేరిట డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తున్నదని తనిఖీలో తేలిన తర్వాత అప్పు ఖాతాలో జమవుతుంది. ఆ మొత్తం మేరకు అప్పుపై బ్యాంకు వడ్డీ వేయదు, అంతవరకు మేలే. స్థలం కొన్న ఖర్చును ప్రాజెక్టు వ్యయంలో కలపరు. కాబట్టి మొదటి మూడేళ్లూ వాయిదాలు కట్టవలసింది అమ్మకాల నుంచే. సబ్సిడీ లేకుండా లెక్క వేసినప్పుడు నిలబడని వ్యాపారం సబ్సిడీతోనూ నిలబడదని నేను మొహమాటం లేకుండా చెబుతాను, అందువల్ల కొందరు మళ్లీ నా దగ్గరికి రారు.

చిన్న పరిశ్రమలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ఆధార్ నంబరు పెట్టుకుని ఆన్‌లైన్‌లో చేసుకునే ఆ పనికి రెండు మూడు వేలు వసూలు చేసే మధ్యవర్తులు ఇంకా ఉన్నారు.

అపోహ: అరువు ఇవ్వకపోతే గిరాకీ పోతుంది, ఇచ్చిన బాకీ గట్టిగా అడిగితే పరువు పోతుంది.

అరువు లేకుండా మన పల్లెల్లో వ్యాపారం నడవదు, ఆ మాట కాదనను. ఎంత అరువు, ఎవరికి, ఏ తేదీ వరకు అన్నది ముందే చెప్పకపోవడంలోనే చిక్కంతా ఉంది. పంట చేతికొచ్చాక ఇస్తామన్న రైతుకు మాసూళ్ల సమయాన్ని బట్టి గడువు పెట్టడం ఒక పద్ధతి. పట్నంలోని పెద్ద దుకాణం "చూద్దాం లెండి" అంటూ ఆరు నెలలు తిప్పితే దాన్ని అదే పద్ధతిలో చూడనక్కరలేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుల నుంచి సరుకు కొన్నవారు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఒప్పందం ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. ఫిర్యాదుకు ఆన్‌లైన్ వేదిక ఉంది. ఫిర్యాదు వరకు వెళ్లినవారు నాకు తెలిసి తక్కువే. బిల్లు కింద ఈ చట్టం పేరూ గడువు తేదీ ముద్రించుకోవడంతోనే చాలామందికి చెల్లింపులు ముందుకు జరిగాయి.

అపోహ: ఒక పంట బాగా తీశామంటే రెట్టింపు చెరువులు పట్టవచ్చు.

రొయ్య విషయంలో ఈ మాట ఎక్కువగా వింటాను. ఒక పట్టుబడిలో మంచి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) వచ్చి ధర కలిసొస్తే, మరుసటి పంటకు పక్క చెరువులన్నీ లీజుకు తీసుకుంటారు. మేత అరువుకు తెస్తారు. 2025 ఆగస్టులో భారత సరుకుపై అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడి చెరువు గట్టు మీద రైతు చేసిన తప్పేమీ లేదు, అయినా దెబ్బ అతనికే తగిలింది. సొంత డబ్బుతో ఉన్న చెరువునే సాగు చేస్తున్నవారు ఆ పంటలో నష్టపోయారు, లీజు మీద లీజు పెంచుకున్నవారు ఇంకా తేరుకోలేకపోతున్నారు. పెంచుకోవద్దని నేననను. ధర మూడో వంతు పడిపోయి, పంట సగమే వస్తే లీజూ మేత బాకీ ఎక్కడి నుంచి కడతారో రాసి చూపించిన తర్వాత పెంచుకోమంటాను.

అపోహ: నాయకుడంటే అన్నీ తానే చూసుకునేవాడు.

డెల్టాలో ఊరూరా కాటన్ విగ్రహం కనిపిస్తుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను ఒక్క దొర పట్టుదలగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఆయన పట్టుదలను తక్కువ చేయలేం. అయితే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా సాగిన ఆ పనిలో కార్మికులను సమకూర్చి, వారితో వారి భాషలో మాట్లాడి పని నడిపించిన వీణం వీరన్న లాంటివారిని తలచేవారు తక్కువ. మన సంఘాల్లో కూడా విగ్రహం ఒక్కరికే పెడతాం. ఆ ఒక్కరూ మంచానపడితే పాస్‌పుస్తకం ఎక్కడుందో మిగతావారికి తెలియదు.

కాలువల దగ్గరే మరో పాఠం దొరుకుతుంది. 1997లో వచ్చిన చట్టంతో నీటి సంఘాలు ఏర్పడ్డాయి. దాళ్వాలో నీరు చాలనప్పుడు వంతులవారీగా వదులుతారు. ఆ సమయంలో సంఘ అధ్యక్షుడి పొలం కాలువ తల దగ్గర ఉంటే అతనికి కష్టం కనపడదు. శివారు భూములకు నీరందిందో లేదో తన కళ్లతో చూసి వచ్చే అధ్యక్షుణ్ని ఎవరూ పొగడనక్కరలేదు, శివారు రైతే సమావేశానికి వస్తాడు. రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకూ ఇది వర్తిస్తుంది. అక్కడ వాటాలు ఎన్ని ఉన్నా సభ్యుడికి ఒకటే ఓటు. మైదాన ప్రాంతంలో కేంద్ర పథకం కింద కనీసం 300 మంది సభ్యులు కావాలి కాబట్టి పేర్లు చేర్చేస్తారు. ఆ పేర్లలో ఎంతమంది కంపెనీ ద్వారా ఒక్క బస్తా అయినా అమ్మారని అడిగితే డైరెక్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం నేను చూశాను.

మహిళా సంఘాల్లో పంచసూత్రాలు అందరికీ కంఠస్థమే: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఐదోది దగ్గరే సంఘాలు కుంటుతాయి, ఎందుకంటే పుస్తకం రాయడం వచ్చిన ఒక్క మనిషి చుట్టూ మిగతా తొమ్మిదిమంది తిరుగుతుంటారు. ఒక సంఘంలో పదేళ్లు లీడరుగా ఉన్న ఒకామెను, తీర్మానాల పుస్తకం మూడు నెలలు వేరొకరి చేత రాయించమని అడిగాను. "తప్పులు రాసేస్తారండి, మళ్లీ నేనే దిద్దుకోవాలి" అని మొదట ఒప్పుకోలేదు. చివరికి చిన్న కోడలి వయసున్న ఒకమ్మాయికి అప్పగించారు. రెండో నెల సమావేశానికి నేనూ వెళ్లాను. ఆ అమ్మాయి గొంతు వణుకుతూ పద్దులు చదువుతుంటే ఒకచోట మొత్తంలో 40 రూపాయలు తేడా వచ్చింది. పాత లీడరుకు అది వెంటనే తెలిసిందని ఆమె చీరకొంగు పిండుకోవడంలోనే నాకు అర్థమైంది. ఆవిడ నోరు విప్పలేదు. కాసేపటికి వెనక వరుసలోంచి, అప్పటిదాకా సమావేశాల్లో ఒక్క మాటైనా మాట్లాడని ఒక పెద్దావిడ, "ఏవమ్మాయ్, అక్కడ నలభై తేడా వస్తంది, మళ్లీ కూడు" అన్నారు.