మలివయసు మతిమరుపు, బి12 లోపం

అరవై ఐదేళ్లు దాటినవారికి బీరువా తాళం ఎక్కడ పెట్టారో గుర్తురాకపోతే, పెద్దవయసు కదా అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. కొందరిలో దీనికి కారణం తిన్నది ఒంటికి పట్టకపోవడం. ముందుగా అనుమానించవలసింది విటమిన్ బి12 లోపాన్ని, ఎందుకంటే త్వరగా గుర్తిస్తే దానివల్ల వచ్చిన మతిమరుపు తగ్గే అవకాశం ఉంది.

నరాలను కప్పి ఉంచే మైలిన్ పొరకు అవసరమైన ఈ విటమిన్ సహజంగా పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే లభిస్తుంది. గోంగూర, తోటకూర ఎంత తిన్నా ఫోలేట్ అనే మరో బి విటమిన్ వస్తుంది గాని బి12 రాదు. ఆహారంలో మాంసకృత్తులకు అతుక్కుని ఉండే బి12ను జీర్ణాశయంలోని ఆమ్లం విడదీస్తే, అక్కడే తయారయ్యే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ దానితో కలిసి చిన్నపేగు చివరి దాకా వెళ్తుంది, శోషణ జరిగేది అక్కడే. వయసు పైబడ్డాక చాలామందిలో ఆమ్లం తగ్గుతుంది. దానికి తోడు షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్, గ్యాసుకు మింగే పాంటోప్రజోల్ ఏళ్ల తరబడి వాడితే శోషణ ఇంకా తగ్గవచ్చు. రెండోదాన్ని డాక్టరు చెప్పకుండానే మందుల షాపులో కొని వాడుతూ పోవడం మన హైదరాబాద్‌లో మామూలైపోయింది. కాలేయంలోని నిల్వ కొన్నేళ్లు ఆదుకుంటుంది కనుక లోపం మెల్లగా, అరికాళ్ల తిమ్మిర్లతోనో నడకలో తూలడంతోనో బయటపడుతుంది.

పళ్లు కదిలాక భోజనమూ చిక్కిపోతుంది. పొద్దున ఇడ్లీ, సాయంత్రం ఇరానీ చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్, రాత్రికి ఉప్మా అయితే కడుపు నిండుతుంది గాని మాంసకృత్తులు అంతంతమాత్రమే. రాత్రి ఒక గిన్నెడు పెరుగు, తినేవారైతే ఉడికించిన గుడ్డు చేరిస్తే నమలడానికీ కష్టం ఉండదు.

బి12 సరిపడా ఉన్నవారికి జ్ఞాపకశక్తిని పెంచే ప్రత్యేక ఆహారమంటూ ఉందా? ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల వయసున్న 1,260 మందిపై రెండేళ్లు సాగి, 2015లో వెలువడిన అధ్యయనంలో ఆహారం, వ్యాయామం, మెదడుకు పని, రక్తపోటు వంటివాటి పర్యవేక్షణ కలిపి అమలు చేసినప్పుడు కొంత మేలు కనిపించింది. ఆకుకూరలు, గింజలు, బెర్రీలకు ప్రాధాన్యమిచ్చే మైండ్ ఆహారాన్ని అమెరికాలో 604 మందిపై మూడేళ్లు పరీక్షించగా, మామూలు ఆహారాన్నే కాస్త తగ్గించి తిన్నవారితో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2023లో తేలింది. అందుకే వాల్‌నట్ల ప్రకటనలను నేను పెద్దగా పట్టించుకోను. ఉప్పు సంగతి వేరు: అధిక రక్తపోటు మెదడులోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. రోజుకు 5 గ్రాములు మించవద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది, ఆవకాయా అప్పడమూ ఆ లెక్కలోవే.

బి12 ఎంతుందో రక్తపరీక్ష చెబుతుంది. లోపం తేలితే డాక్టర్లు ఇంజెక్షన్లో, ఎక్కువ మోతాదు మాత్రలో ఇస్తారు. మాత్రలోని బి12 మాంసకృత్తులకు అతుక్కుని ఉండదు కనుక ఆమ్లం తక్కువైనా ఒంటికి పడుతుంది. పరీక్ష చేయించకుండా సొంతంగా ఫోలిక్ యాసిడ్ (మాత్రల్లో ఉండే ఫోలేట్) మింగితే బి12 లోపం వల్ల వచ్చిన రక్తహీనత సర్దుకున్నట్టు కనిపించి, నరాలకు జరిగే నష్టం మాత్రం చాటుగా సాగిపోవచ్చు.