చర్మం ముడుచుకునే వేడి

పోయిన మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్లి అయింది. ఆల్బమ్ తిరగేస్తుంటే నా ఫొటో దగ్గర చెయ్యి ఆగిపోయింది. దవడ గీత కనిపించలేదు. గడ్డానికి రెండువైపులా బుగ్గలు జారి చిన్న సంచుల్లా ఉన్నాయి. నాకు 51 ఏళ్లు. కోతపెట్టి చేసే ఫేస్‌లిఫ్ట్ అంటే భయం. హైదరాబాద్‌లో స్కిన్ క్లినిక్ బోర్డుల మీద 'హైఫూ' అన్న మాట ఎన్నోసార్లు చూశాను. అల్ట్రాసౌండ్‌ని చర్మం లోపల ఒకచోటికి చేర్చి, అక్కడ వేడి పుట్టించే పద్ధతి అది. చేయించుకోవాలో వద్దో తేల్చుకోవడానికి నెల రోజులు దాని గురించి చదివాను. ఆ చదువు నన్ను ముఖం నుంచి తోళ్ల పరిశ్రమ దాకా తీసుకెళ్లింది.

మన ఒంట్లో అన్నిటికంటే ఎక్కువగా ఉండే ప్రోటీన్ కొల్లాజెన్. చర్మానికి బిగువు ఇచ్చేది ప్రధానంగా అదే. దాని నిర్మాణం మూడు పాయల జడలాంటిది. ఒక్కో పాయలో ప్రతి మూడో పూస గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం. అమైనో ఆమ్లాలన్నిటిలో అది చిన్నది. జడ మధ్యలో అంతకంటే పెద్దదానికి చోటు లేదు. ఈ మూడు పాయల నిర్మాణాన్ని 1954లో 'నేచర్' పత్రికలో ప్రతిపాదించింది మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. వాళ్లు ఎక్స్-రే తీయడానికి వాడిన కంగారూ తోక స్నాయువు, పక్కనే ఉన్న తోళ్ల పరిశోధన సంస్థ సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చింది. తర్వాత 1958 నుంచి 1971 దాకా ఆ సంస్థకు డైరెక్టర్‌గా ఉన్నది మన తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు. ముఖసౌందర్యం గురించి చదువుతూ ఆయన పేరు దగ్గరికి చేరతానని నేను అనుకోలేదు. చాలా సంతోషమేసింది.

తోలు శాస్త్రం తెలిసినవాళ్లకి ఒక విషయం బాగా తెలుసు. పచ్చి తోలుని నీళ్లలో వేసి మెల్లగా వేడి చేస్తే చాలాసేపు ఏమీ కాదు. 60 డిగ్రీలు దాటే ప్రాంతంలో ఉన్నట్టుండి ముడుచుకుపోతుంది. పాయలని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తెగి, జడ విడిపోయి, పోగు పొట్టిగా లావుగా మారుతుంది. తంగేడు చెక్కతోనో తుమ్మ చెక్కతోనో తోలుని ఊనిస్తే, అంటే పదును చేస్తే, అది ఇంకా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. క్రోమ్‌తో ఊనిస్తే మరిగే నీళ్లకి కూడా లొంగదు. పొయ్యి మీద మాంసం ముక్క చిన్నదైపోవడంలోనూ, మేక కాళ్ల పులుసు జిగురుగా రావడంలోనూ ఉన్నది ఈ కొల్లాజెనే.

హైఫూ చేసే పని ఇదే, బతికున్న చర్మం లోపల. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చిన ఆట గుర్తుందా? అద్దం చల్లగానే ఉంటుంది, కిరణాలు కలిసిన చోట మాత్రం పొగ లేస్తుంది. ఇక్కడ ఎండ బదులు శబ్దం. మన చెవికి సెకనుకి 20 వేల కంపనాల దాకా వినిపిస్తాయి. ఈ యంత్రంలోవి 40 లక్షల నుంచి కోటి దాకా ఉంటాయి. తరంగాలు పైచర్మాన్ని పెద్దగా వేడెక్కించకుండా దాటి, 1.5, 3 లేదా 4.5 మిల్లీమీటర్ల లోతులో ఒక చుక్క దగ్గర కలుస్తాయి. అక్కడ వేడి క్షణంలో 60 నుంచి 70 డిగ్రీలకి చేరుతుంది. సుమారు మిల్లీమీటరు సైజు చుక్క ఉడికిపోతుంది. 4.5 మిల్లీమీటర్ల లోతుకి ఒక ప్రాముఖ్యం ఉంది. ముఖ కండరాలని కప్పి 'స్మాస్' అనే గట్టి పొర ఉంటుంది. 1976లో మిట్జ్, పేరోనీ అనే ఇద్దరు దీన్ని వివరించారు. ఫేస్‌లిఫ్ట్‌లో సర్జన్లు లాగి కుట్టేది ఈ పొరనే. కత్తి లేకుండా అక్కడిదాకా వెళ్లడమే ఈ పద్ధతి గొప్ప. మనలాంటి చామనఛాయ వాళ్లకి ఇంకో మేలు కూడా ఉంది. చాలా లేజర్ల వెలుగుని చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పీల్చుకుంటుంది, అందుకే కాలి నల్లమచ్చలు పడే భయం ఎక్కువ. శబ్దానికి రంగుతో పనిలేదు.

వైశాఖంలో చేయించుకున్నాను. మత్తు క్రీము రాసి, తెల్ల పెన్సిల్‌తో గీతలు గీసి, జెల్ పూసి మొదలుపెట్టారు. బుగ్గ మీద ఫర్వాలేదు. దవడ ఎముక మీదికి వచ్చేసరికి ప్రతి గీతకీ పళ్ల మూలాల్లో జివ్వుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బయటికొచ్చి అద్దంలో చూసుకుంటే ముఖం బిగిసినట్టే ఉంది. అది చాలావరకు వాపు, రెండు మూడు రోజుల్లో దిగిపోయింది. అసలు పని తర్వాత మొదలవుతుంది. ఉడికిన చుక్కలని శరీరం గాయంగానే లెక్కేస్తుంది. ఫైబ్రోబ్లాస్ట్ కణాలు అక్కడికి చేరి, పాతదాన్ని తీసేసి, కొత్త జడలు అల్లుతాయి. దానికి రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు పడుతుంది. 'లంచ్ టైమ్‌లో యవ్వనం' అని ప్రకటనల్లో రాయడం నాకు అందుకే నచ్చదు.

ఎంత లేస్తుంది? వైద్య పరికరాలకి అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ 2009లో అల్థెరపీ అనే ఇలాంటి యంత్రానికి కనుబొమ్మలు లేపడం కోసం అనుమతి ఇచ్చింది. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో 35 మందిని 90 రోజుల తర్వాత చూశారు. 30 మందిలో తేడా కనిపించింది. కనుబొమ్మ సగటున 1.7 మిల్లీమీటర్లు లేచింది. బియ్యపు గింజ మందం అంత. ముఖంలో అది కంటికి ఆనుతుంది, నిజమే. కానీ పదేళ్లు వెనక్కి పోయినట్టు మాత్రం కాదు. పైగా వయసుతో జారేది చర్మం ఒక్కటే కాదు. బుగ్గల్లో కొవ్వు గూళ్లు దిగుతాయి, దవడ ఎముక కూడా కొంత అరుగుతుంది. ఎముకని ఏ శబ్దమూ పెంచదు.

చేసేవాళ్ల చెయ్యి కూడా ముఖ్యం. దవడ అంచున కింది పెదవిని కదిలించే నరం పోతుంది. దానికి వేడి తగిలితే కొన్ని వారాలు నవ్వు వంకరగా రావచ్చు. పలచని బుగ్గల్లో కొవ్వు కరిగి గుంటలు పడవచ్చు. యంత్రం సరిగ్గా ఆనకపోతే పైచర్మం కాలుతుంది. మంచి యంత్రాల్లో లోపలి పొరలు తెర మీద కనిపిస్తాయి, ఆ తెర లేనివీ బోలెడు తిరుగుతున్నాయి. ఎవరు చేస్తారు, డెర్మటాలజీ చదివారా, తెర ఉందా అని మొహమాటపడకుండా అడగండి. నేను మొదట వెళ్లిన చోట ఈ ప్రశ్నలకి జవాబు రాలేదు. లేచి వచ్చేశాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2012లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' ఒక 69 ఏళ్ల ట్రక్ డ్రైవర్ ఫొటో అచ్చువేసింది. 28 ఏళ్లు బండి నడిపాడు. కిటికీ వైపు ఉన్న ఎడమ చెంప మీద చర్మం దట్టంగా ముడతలు పడి ఉంది, కుడి చెంప చాలా నయం. కిటికీ అద్దంలోంచి కూడా వచ్చే యూవీ-ఏ కిరణాలు కొల్లాజెన్‌ని తునకలు చేస్తాయి. మన దగ్గర డ్రైవర్ సీటు కుడివైపు కాబట్టి, ఎండ పడేది కుడి చెంప మీద. ఆ ఫొటో చూసిన రోజు నుంచి సన్‌స్క్రీన్ రాయకుండా నేను గడప దాటలేదు.

శ్రావణంలో 90 రోజులు నిండాయి. చేయించుకునే ముందు ఫొటో తీసుకున్న కిటికీ దగ్గరే, అదే టైమ్‌కి, అక్క చేత మళ్లీ తీయించుకున్నాను. కుడి దవడ గీత కొంచెం తేలింది. ఎడమవైపు తేడా వెతుక్కోవాల్సి వచ్చింది. అక్క రెండు ఫొటోలూ చాలాసేపు చూసి కుడివైపు మాత్రం ఒప్పుకుంది. కార్తీకానికి ఆరు నెలలవుతాయి. అప్పుడు అక్కడే ఇంకో ఫొటో తీసుకోవాలి.