ట్యాపెట్ సౌండ్ పోతే బండి బాగుపడినట్టేనా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, టక్ టక్ అంటాంది. కొంచెం టైట్ చేసేయన్నా." తిరుపతిలో నా బైక్ షాపుకి వచ్చేవాళ్లు అనే మాటల్లో దీనంత ఖరీదైనది ఇంకోటి లేదు. ట్యాపెట్ (ఇంజన్‌లో వాల్వ్‌ని నొక్కే భాగం) సౌండ్ మొత్తం పోయేదాకా బిగించుకున్న బండ్లు, కొన్నాళ్లకి హెడ్ (ఇంజన్ పైభాగం) దింపించుకోడానికి మళ్లీ వస్తాయి. టీ కొట్టు దగ్గర ఎవరో చెప్పారంటారు, వీడియోలో చూశామంటారు. అందుకే ఇక్కడ దీని గురించే ఎక్కువ రాస్తున్నా.

అపోహ: సౌండ్ లేకపోతే ట్యాపెట్లు కరెక్టుగా ఉన్నట్టు.

వాస్తవం: ఇంజన్‌లో తిరిగే క్యామ్ ఒక పక్క ఎద్దు మూపురంలా లేచి ఉంటుంది. ఆ ఎత్తు రాకర్ అనే చిన్న మీటని నెడితే వాల్వ్ (గాలి, పొగ దారుల మూత) తెరుచుకుంటుంది, ఎత్తు దాటాక స్ప్రింగ్ దాన్ని మూసేస్తుంది. మూసుకున్నాక రాకర్‌కీ వాల్వ్ కొసకీ మధ్య సన్నటి సందు మిగలాలి. చిన్న బైకుల్లో అది 0.1 మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో రాసుంటుంది. వేడికి వాల్వ్ స్టెమ్ (కాడ) సాగుతుంది కాబట్టి ఆ చోటు వదలాలి. వదలకపోతే వాల్వ్ తన సీటు (హెడ్‌లో అది మూసుకునే అంచు) మీద పూర్తిగా కూర్చోదు. పొగని బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో ఎక్కువ భాగాన్ని ఆ సీటు ద్వారానే హెడ్‌కి వదిలించుకుంటుంది. కూర్చోకపోతే వేడి పోయే దారి లేదు, పైగా మండే గ్యాస్ వాల్వ్‌కీ సీటుకీ మధ్యలోంచి దూసుకొచ్చి వాల్వ్ అంచుని కాల్చేస్తుంది. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) పోతుంది, స్టార్టింగ్ కష్టమవుతుంది, ఘాట్ మీద బండి లాగదు.

పీలేరు వైపు నుంచి పాలు తెచ్చే ఒకాయన బండి భాకరాపేట ఘాట్ ఎక్కనంటోందని వచ్చాడు. అప్పటికే కార్బొరేటర్ విప్పించాడు, ప్లగ్ మార్పించాడు. పిస్టన్ పోయిందని ఎవరో భయపెడితే అప్పు చేసి డబ్బు తెచ్చుకున్నాడు. మొహం చూస్తేనే పాపం అనిపించింది. కవర్ తీస్తే ఎగ్జాస్ట్ రాకర్ అసలు ఆడటం లేదు, సందు కొలిచే ఫీలర్ గేజ్‌లో అన్నిటికంటే సన్న రేకు కూడా దూరలేదు. వాల్వ్ అంచు ఇంకా కాలలేదు కాబట్టి బతికిపోయాడు. నట్టు వదులు చేసి, కొలత పెట్టి బిగించా. కిక్ కొడితే కాలికి కంప్రెషన్ తగిలింది. ఆ డబ్బు అట్లే వెనక్కి తీసుకెళ్లాడు.

ఇంకో సంగతి. అరిగేకొద్దీ సందు పెరుగుతుందనుకుంటారు. క్యామో రాకరో అరిగితే పెరుగుతుంది, నిజమే. కానీ వాల్వ్ సీటులోకి దిగబడితే స్టెమ్ పైకి వచ్చి సందు తగ్గుతుంది. ఏ పనీ చేయించకుండానే సౌండ్ తగ్గిందంటే సంతోషపడకండి, ఒకసారి చూపించండి. సందు మరీ ఎక్కువైనా తప్పే, రాకర్ కొట్టే దెబ్బలకి క్యామ్ అరుగుతుంది. కాకపోతే ఆ సౌండ్‌కి మీరే పరిగెత్తుకొస్తారు.

అపోహ: టక్ టక్ అంటే ట్యాపెట్టే.

వాస్తవం: క్యామ్‌ని తిప్పే టైమింగ్ చైన్ (క్యామ్ చైన్) వదులైనా, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పోయినా సౌండ్ వస్తుంది. దానికి ట్యాపెట్ బిగిస్తే సౌండ్ పోదు, వాల్వ్ పోతుంది.

అపోహ: క్యామ్ చైన్ ఒక పన్ను జరిపితే స్పీడ్ పెరుగుతుంది.

వాస్తవం: క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. క్యామ్ స్ప్రాకెట్‌కి 32 పళ్లుంటే ఒక పన్ను అంటే క్రాంక్ దగ్గర 22 డిగ్రీలకి పైనే తేడా. స్పీడ్ సంగతి అటుంచండి, కొన్ని ఇంజన్లలో పిస్టన్ వాల్వ్‌ని గుద్దుతుంది.

అపోహ: ఏ బండికైనా ట్యాపెట్ సెట్టింగ్ చేయించాల్సిందే.

వాస్తవం: యూసీఈ ఇంజన్ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండేది) బుల్లెట్‌లో హైడ్రాలిక్ ట్యాపెట్లు, ఆయిల్ ఒత్తిడితో సందుని అవే సర్దుకుంటాయి, సెట్ చేసేదేమీ లేదు. ఆర్ఎక్స్ 100 టూ స్ట్రోక్, దానికి క్యామే లేదు. దానికీ ట్యాపెట్ సెట్టింగ్ అని డబ్బులు గుంజారని ఒక కుర్రాడు చెబితే నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

అపోహ: కాంపౌండ్ విల్లుకి (కొసల్లో క్యాములుండే విల్లు) 80 శాతం లెట్-ఆఫ్ (పూర్తిగా లాగాక చేతి మీద తగ్గే బరువు) ఉంటే బాణం బలం అంత తగ్గుతుంది.

వాస్తవం: ఇదేంటి మధ్యలో అంటారేమో. విజయవాడ అమ్మాయి, ఆర్చర్ జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 3 స్వర్ణాలు గెలిచాక మా కస్టమర్ ఒకాయన తన కూతురికి ఆ విల్లు కొనిచ్చాడు. అందులోనూ క్యాములే కదా అని నన్నే అడిగాడు. 50 పౌండ్ల విల్లుని పూర్తిగా లాగాక చేతి మీద నిలిచేది 10 పౌండ్లే, కానీ లాగడానికి పెట్టిన బలమంతా లింబుల్లోనే (విల్లుకి వంగే రెండు బద్దల్లోనే) ఉంటుంది. రెండు క్యాముల విల్లులో అవి రెండూ ఒకేసారి ఆగాలి. తేడా వస్తే విల్లుని వంచి పట్టే ప్రెస్‌లో పెట్టి కేబుల్‌కి మెలికలు పెంచో తగ్గించో సరిచేస్తారు. నా స్పానర్లు దానికి పనికిరావు, కోచ్ దగ్గరికే పొమ్మన్నా.

ఇక ట్యాపెట్ సెట్టింగ్‌కి వస్తే, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. కంప్రెషన్ స్ట్రోక్‌లో (వాల్వ్‌లు రెండూ మూసుకున్నప్పుడు) పిస్టన్ పైకొచ్చి, మ్యాగ్నెట్ (క్రాంక్ చివర తిరిగే చక్రం) మీది టీ గుర్తు కవర్ మీది గుర్తుతో కలిసినప్పుడు కొలవాలి. మెకానిక్ చేతిలో ఫీలర్ గేజ్ ఉందో లేదో చూడండి, ఉత్త చేత్తో ఆడించి "సరిపోయిందిలే" అంటే ఒప్పుకోకండి. మిట్టమధ్యాహ్నం ఎండలో రేణిగుంట నుంచి తోలుకొచ్చి, పది నిమిషాల్లో సెట్ చేసిమ్మంటే మాత్రం నేను చేయను. రాత్రికి బండి వదిలేసి పోండి, పొద్దున్నే చేస్తా.